డ్రోన్ వీడియో వణుకుతోందా, ఒరిగిపోతోందా? గింబల్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి

డ్రోన్ వీడియోలో ఏ తేడా కనిపించినా చాలామంది చేసే మొదటి పని యాప్ తెరిచి గింబల్ (కెమెరాని నిలకడగా పట్టుకునే మోటార్ల అమరిక) కాలిబ్రేషన్, అంటే దాన్ని మళ్లీ సరిచూసుకునే ఆప్షన్, నొక్కడం. దాంతో కుదరకపోతే ఐఎంయూ (డ్రోన్ కదలికనీ ఒరుగుడునీ కొలిచే సెన్సర్) కాలిబ్రేషన్, అదీ కాకపోతే ఫర్మ్‌వేర్ (డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, ఆ తర్వాత ఇక టెన్షన్. దయచేసి ఈ వరసలో వెళ్లకండి. కాలిబ్రేషన్‌తో సర్దుకునేవి రెండు మూడు సమస్యలే. మిగతావన్నీ రెక్కల (ప్రొపెల్లర్ల) దగ్గరో, షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా కాంతిని తీసుకునే సమయం) దగ్గరో, మెమరీ కార్డు దగ్గరో, ఒక్కోసారి మీ కంప్యూటర్ దగ్గరో ఉంటాయి, వాటి జోలికి కాలిబ్రేషన్ అసలు పోదు. ఫుటేజ్‌ని ఓపిగ్గా, ఆపి ఆపి చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. కాబట్టి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు వీడియో తెరవండి.

ముందు అసలు ఫైలు చూడండి

ఎగురుతున్నప్పుడు ఫోన్‌లోనో కంట్రోలర్ తెర మీదో కనిపించేది అసలు వీడియో కాదు. రేడియో సిగ్నల్ మీద వచ్చే, బాగా కుదించిన కాపీ అది. సిగ్నల్ తగ్గితే గడులు గడులుగా విడిపోతుంది, ఆగి ఆగి వస్తుంది, ఒక్కోసారి కొన్ని క్షణాలు నిలిచిపోతుంది. కార్డులో రికార్డయ్యే వీడియోకీ దీనికీ సంబంధం లేదు. కొన్ని యాప్‌లు ఈ కాపీనే ఫోన్‌లో దాచిపెడతాయి కూడా, అది చూసి కెమెరా పాడైపోయిందని కంగారుపడేవాళ్లు చాలామందే ఉన్నారు. కార్డు తీసి, ఫైలుని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ చూడండి.

కంప్యూటర్‌లో కూడా కుదుపులు కుదుపులుగా వస్తే వెంటనే డ్రోన్‌ని తప్పుపట్టకండి. 4కే వీడియో, అందులోనూ హెచ్.265లో (వీడియోని బాగా కుదించే పద్ధతి) ఉన్నది, పాత కంప్యూటర్లకి మోయలేని బరువు. పరీక్ష సులువు: వీడియో ఆపి ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరుపుతూ చూడండి. ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కి దృశ్యం సమానంగా జరుగుతుంటే ఫైలు బాగున్నట్టే, మీ కంప్యూటర్ అందుకోలేకపోతోంది అంతే. ఎడిటింగ్‌కి ప్రాక్సీలు, అంటే తేలికపాటి చిన్న కాపీలు, తయారుచేసుకుంటే సరిపోతుంది. రెండు ఫ్రేములు ఒకేలా ఉండి మూడోది ఒక్కసారిగా గెంతితే మాత్రం ఫ్రేములు నిజంగానే పోయాయి. ఎక్కువగా అది కార్డు పని, దాని సంగతి కింద ఉంది.

జెల్లో: అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఫిర్యాదు

వీడియోలో నిటారుగా ఉండాల్సిన స్తంభం పాములా మెలికలు తిరుగుతుంటే, మొత్తం దృశ్యం సన్నగా అలలు అలలుగా ఊగుతుంటే దాన్ని జెల్లో అంటారు. ఇది ఎందుకొస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. చాలా డ్రోన్ కెమెరాల్లో సెన్సర్ ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ వస్తుంది. దీన్నే రోలింగ్ షటర్ అంటారు. ఆ చదివే కొద్దిపాటి సమయంలో కెమెరా అదిరితే పై వరసలు ఒక చోట, మధ్య వరసలు ఇంకో చోట, కింది వరసలు మరో చోట నమోదవుతాయి, దాంతో తిన్నని గీత వంకర్లు పోతుంది. గింబల్ మోటార్లు డ్రోన్ ఒరుగుళ్లనీ, గాలి ఊపునీ బాగా సర్దగలవు, కానీ రెక్కల నుంచి వచ్చే ఆ వేగవంతమైన సన్నటి అదురుని అవి అందుకోలేవు. ఆ అదురుని మింగాల్సింది గింబల్‌ని పట్టుకుని ఉండే చిన్న రబ్బరు డ్యాంపర్లు. అంటే జెల్లో కనిపిస్తే చూడాల్సినవి రెండు: అదురు ఎక్కడ పుడుతోంది, డ్యాంపర్లు దాన్ని ఎందుకు ఆపలేకపోతున్నాయి.

రెక్కలతో మొదలుపెట్టండి. బ్యాటరీ తీసేసి, ఒక్కో రెక్క అంచు మీద గోరు పెట్టి మొదలు నుంచి కొస దాకా మెల్లగా లాగండి. కంటికి కనిపించని చిన్న గాటు కూడా గోరుకి తగులుతుంది. తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి: రెక్క మొదట్లో, స్క్రూ దగ్గర తెల్లగా గీతలా కనిపిస్తే అక్కడ ప్లాస్టిక్ అలిసిపోయి పగుళ్లు మొదలయ్యాయని అర్థం. అలాంటి రెక్కతో వీడియో సంగతి అలా ఉంచండి, ఎగరడమే ప్రమాదం. మడిచే రెక్కలైతే అవి తేలిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడాలి, ఒకటి బిగుసుకుపోయి సగమే తెరుచుకుంటే ఆ మోటార్ మొత్తం అదురుతుంది. మార్చేటప్పుడు ఒక మోటార్ మీద ఉన్న రెండు రెక్కల్నీ కలిపే మార్చండి, ఒకే ప్యాకెట్‌లో వచ్చిన జత అయితే బరువు సరిపోతుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెట్టి డబ్బు మిగిల్చుకున్నామనుకోవడం ఈ పనిలో కుదరదు. గుర్తులు ఉన్న రెక్క గుర్తులు ఉన్న మోటార్‌కే వెళ్లాలని వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మోటార్లు. రెక్కలు తీసేసి ఒక్కోదాన్ని వేలితో తిప్పండి. నాలుగూ ఒకేలా, చప్పుడు లేకుండా తిరగాలి. ఒకటి గరగరలాడినా, మిగతావాటికంటే ముందే ఆగిపోయినా లోపల ఇసుకైనా చేరి ఉండాలి, బేరింగ్ అయినా అరిగి ఉండాలి. చేతులు, అంటే మోటార్లని మోసే ఆర్మ్‌లు, ఎక్కడైనా సందు ఇచ్చి కదులుతున్నాయేమో పట్టుకుని ఊపి చూడండి.

ఇక డ్యాంపర్లు. గింబల్‌కీ డ్రోన్ బాడీకీ మధ్య చిన్న రబ్బరు ముక్కల్లా కనిపిస్తాయి, మోడల్‌ని బట్టి మూడో నాలుగో. కింద పడినప్పుడో, బలంగా దిగినప్పుడో వీటిలో ఒకటి గాడిలోంచి ఊడి వేలాడుతుంటుంది, పైనుంచి చూస్తే అస్సలు తెలియదు. డ్రోన్‌ని తిప్పి పట్టుకుని టార్చ్ వెలుతురులో అన్నీ ఒకే ఎత్తులో, ఒకేలా కూర్చున్నాయో లేదో చూడండి. రబ్బరు పాతబడితే గట్టిపడుతుంది, బాగా చలిగా ఉన్నప్పుడు కూడా గట్టిపడుతుంది. పొద్దున్నే చల్లని గాలిలో తీసిన మొదటి క్లిప్‌లో జెల్లో ఉండి కాసేపటి తర్వాత తగ్గిపోతే అనుమానం ఇక్కడ పెట్టుకోండి.

ఇన్ని చూసినా ఏమీ దొరకలేదా, అయితే షటర్ స్పీడ్ చూడండి. మధ్యాహ్నం ఎండలో ఆటో మోడ్‌లో వదిలేస్తే కెమెరా సెకనులో 1/1000, 1/2000 వంతు లాంటి వేగాలకి వెళ్లిపోతుంది. అంత వేగంలో ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు స్పష్టంగా వస్తుంది కాబట్టి ప్రతి చిన్న అదురూ కనిపిస్తుంది. వీడియోకి వాడుకలో ఉన్న లెక్క, షటర్ ఫ్రేమ్ రేట్‌కి రెట్టింపు దగ్గర ఉండటం: సెకనుకి 25 ఫ్రేములకి 1/50, 30కి 1/60. చాలా చిన్న డ్రోన్లలో ఎపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) మార్చుకునే వీలు ఉండదు, అందుకే ఎన్‌డీ ఫిల్టర్, అంటే కాంతిని తగ్గించే నల్లటి అద్దం, తప్పనిసరి అవుతుంది. లెక్క ఇలా వేసుకోండి: ఫిల్టర్ లేకుండా ఐఎస్‌ఓ (కాంతికి సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర సరైన ఎక్స్‌పోజర్‌కి 1/800 చూపిస్తోందనుకుందాం. ఎన్‌డీ16 కాంతిని పదహారో వంతుకి తగ్గిస్తుంది, 800ని 16తో భాగిస్తే 50. అంటే 1/50. ఎండ ఇంకా తీవ్రంగా ఉండి 1/1600 చూపిస్తే ఎన్‌డీ32 పెట్టుకోవాలి.

అయితే ఫిల్టర్ అదురుని ఆపదు, దాన్ని కాస్త మసకలో కలిపేస్తుందంతే. రెక్క విరిగిన డ్రోన్‌కి ఎన్‌డీ పెడితే జెల్లో పోయి దృశ్యమంతా మెత్తగా, పదును లేకుండా వస్తుంది. అందుకే ముందు రెక్కలు, మోటార్లు, డ్యాంపర్లు, ఆ తర్వాతే ఫిల్టర్.

కుదుపు అనిపించేదంతా గింబల్ కుదుపు కాదు

డ్రోన్‌ని పక్కకి తిప్పుతూ తీసినప్పుడు దృశ్యం తడబడుతూ, మెట్లు మెట్లుగా కదిలినట్టు వస్తే చాలామంది గింబల్ మోటార్ పోయిందనుకుంటారు. సెకనుకి 24, 25 ఫ్రేముల్లో వేగంగా తిప్పితే ఏ కెమెరా అయినా అంతే. ఫ్రేమ్‌కి ఒక చివర ఉన్న వస్తువు రెండో చివరకి చేరడానికి కనీసం 7 సెకన్లు పట్టేలా తిప్పాలని సినిమావాళ్లు పాటించే ఒక మోటు లెక్క ఉంది, డ్రోన్‌కీ అది బాగానే పనికొస్తుంది. అంత నెమ్మదిగా చేత్తో తిప్పడం కష్టం, స్టిక్‌ని వెంట్రుకవాసి కదపాలి. కాబట్టి సెట్టింగుల్లో యా స్పీడ్ (డ్రోన్ పక్కకి తిరిగే వేగం) తగ్గించి, స్మూత్‌నెస్ పెంచుకోండి. కెమెరాని కిందికీ పైకీ వంచేటప్పుడు మొదట్లో, చివర్లో టక్కున ఆగుతుంటే గింబల్ పిచ్ (పైకీ కిందికీ వంగే కదలిక) వేగానికి కూడా అదే మందు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అనుమానించరు. 30 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్ టైమ్‌లైన్‌ని 25లో పెడితే సాఫ్ట్‌వేర్ ప్రతి సెకనుకీ 5 ఫ్రేములు పారేస్తుంది, అందుకే ఉండుండి ఒక చిన్న గెంతు కనిపిస్తుంది. అసలు ఫైలు నున్నగా ఉండి ఎక్స్‌పోర్ట్ చేసింది మాత్రం కుదుపుతుంటే నేరుగా టైమ్‌లైన్ సెట్టింగ్‌కి వెళ్లండి.

గాలి సంగతి కూడా తెలిసి ఉండాలి. గింబల్ ప్రతి దిశలోనూ కొంతమేరకే తిరగగలదు. ఎదురుగాలిలో డ్రోన్ బాగా ముందుకి వంగి ఎగురుతుంటే, లేదా స్పోర్ట్ మోడ్‌లో దూసుకెళ్తుంటే, గింబల్ తన చివరి హద్దు దాకా వెళ్లి ఆగిపోతుంది. అక్కడి నుంచి డ్రోన్ ఊపంతా నేరుగా వీడియోలోకి వస్తుంది. రెక్కల కొసలు ఫ్రేమ్ పైభాగంలో కనిపించేది కూడా ఇలాంటప్పుడే. వేగం తగ్గించండి, కెమెరాని కాస్త కిందికి వంచండి.

హొరైజన్ ఒరిగితే

హొరైజన్ అంటే నేలా ఆకాశం కలిసే గీత. అది ఎప్పుడు ఒరుగుతోందన్నది గమనించండి, ఇక్కడ జవాబంతా అందులోనే ఉంది.

గాలి లేనప్పుడు, ఒకే చోట నిలబెట్టినా, ఎటు తిప్పినా ఒకే వైపుకి ఒకే మోతాదులో ఒరిగి ఉంటే అది కాలిబ్రేషన్ పనే. ఇదిగో, దానికి సరైన సమయం ఇదే. సమతలంగా ఉన్న గట్టి చోట డ్రోన్ పెట్టి, గింబల్ కవర్ తీసి, గింబల్ కాలిబ్రేషన్ నడపండి, అది పూర్తయ్యేదాకా బల్లని కూడా కదపకండి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు డిగ్రీల తేడా మిగిలితే యాప్‌లో గింబల్ రోల్ (పక్కకి ఒరిగే కోణం) సర్దుకునే ఆప్షన్ ఉంటుంది, గ్రిడ్ గీతలు పెట్టుకుని దాంతో సరిచేయండి.

మామూలుగా బాగానే ఉండి, వేగంగా పక్కకి వెళ్లినప్పుడో గుండ్రంగా తిరుగుతూ తీసినప్పుడో ఒరిగి, ఆగాక మెల్లగా మళ్లీ నిటారుకొస్తుంటే సెన్సర్లు అయోమయపడుతున్నాయని అర్థం. ఆన్ చేసిన వెంటనే పైకి లేపకుండా నిమిషం సేపు నేల మీద కదలకుండా ఉంచండి. అయినా అలాగే ఉంటే అప్పుడు ఐఎంయూ కాలిబ్రేషన్, అది కూడా డ్రోన్ చల్లగా ఉన్నప్పుడు చేయండి, ఎగిరి దిగిన వేడి మీద వద్దు.

కెమెరా ఒక ప్రత్యేక కోణానికి వచ్చినప్పుడే ఒరిగితే, లేదా అక్కడ టక్కుమని తడబడితే, ఆ కోణంలో ఏదో అడ్డుతోంది. గింబల్ చెయ్యి వంగి ఉండొచ్చు, రిబ్బన్ కేబుల్ లాగుతుండొచ్చు. కాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా ఇది పోదు.

అన్నట్టు, కొండ వాలుని చూసి హొరైజన్ ఒరిగిందనుకోకండి. సముద్రపు గీతని నమ్మొచ్చు, దూరపు కొండల గీతని నమ్మకూడదు. అనుమానమొస్తే నిటారు గోడ ఉన్న భవనాన్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి చూడండి.

గింబల్ ఓవర్‌లోడ్ అని మెసేజ్ వస్తే

ముందు ఆపేయండి. గింబల్ మోటార్లు చాలా చిన్నవి, అడ్డు ఉన్నప్పుడు బలంగా నెడుతూ ఉంటే వేడెక్కి కాలిపోతాయి. కవర్ తీయకుండా ఆన్ చేయడం అన్నిటికంటే మామూలు కారణం. తర్వాత గడ్డి మీద ఆన్ చేయడం, పరకలు కెమెరాకి తగిలి అది తన సెల్ఫ్ టెస్ట్ పూర్తి చేయలేదు. ఇంకొకటి ఫిల్టర్: వేరే మోడల్‌కి చేసిన బరువైన ఫిల్టర్ తగిలిస్తే కెమెరా ముందుకి తూగుతుంది, దాన్ని నిలబెట్టడానికి మోటార్ నిరంతరం కష్టపడుతుంది. ఫిల్టర్ తీసి చూస్తే మెసేజ్ పోతే సమాధానం దొరికినట్టే.

ఇవేవీ కాకపోతే, పవర్ పూర్తిగా ఆపేసి, కెమెరాని వేలికొసతో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ, గుండ్రంగానూ మెల్లగా కదపండి. ప్రతి దిశలోనూ చివరిదాకా ఒకే తేలికతో కదలాలి. మధ్యలో ఒక చోట పట్టేసినట్టు అనిపిస్తే అక్కడ ఇసుక రేణువో దుమ్మో ఉంది, మెత్తటి బ్రష్‌తోనూ బ్లోయర్‌తోనూ తీసేయండి. నూనె మాత్రం చుక్క కూడా వేయకండి. పవర్ ఆన్‌లో ఉండగా గింబల్‌ని చేత్తో తిప్పడం ఎప్పుడూ వద్దు.

ఆన్ చేసినప్పుడు కెమెరా తల ఆపకుండా వణుకుతుంటే, లేదా శక్తి లేనట్టు వాలిపోయి, చిత్రం కూడా రాకపోతే రిబ్బన్ కేబుల్‌ని చూడండి. గింబల్ వంపుల చుట్టూ తిరిగే సన్నటి పట్టీ అది. పడిపోయిన డ్రోన్లలో ముందు చిరిగేది చాలాసార్లు ఇదే. చిరుగు కనిపిస్తే ఇంట్లో టేపు వేసి లాభం లేదు, మార్చాల్సిందే.

కెమెరా వైపు నుంచి వచ్చేవి

ఎక్స్‌పోజర్ ఉన్నట్టుండి వెలిగి మసకబారుతుంటే ఆటో ఎక్స్‌పోజర్ ఆకాశానికీ నేలకీ మధ్య ఊగుతోంది, లాక్ చేసేయండి. ఒకే క్లిప్‌లో రంగు నీలం నుంచి పసుపుకి మారిపోతుంటే ఆటో వైట్ బ్యాలెన్స్, ఎండలో 5500 కెల్విన్ దగ్గర పెట్టి వదిలేయండి. వీటికి రిపేరు ఏమీ అక్కర్లేదు.

దీపాల వెలుతురులో మినుకుమినుకుమంటుంటే కరెంటు ఫ్రీక్వెన్సీతో గొడవ. 50 హెర్ట్జ్ ఉన్న చోట దీపాలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి, అక్కడ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 గానీ 1/120 గానీ. పట్టపగలు బయట మినుకుతుంటే మాత్రం కారణం వేరు: సూర్యుడు ముందు పైనుంచి కొడుతున్నప్పుడు రెక్కల నీడ లెన్స్ మీద పడి అడ్డంగా నల్లటి పట్టీలు పరిగెడతాయి. డ్రోన్‌ని కొద్దిగా పక్కకి తిప్పినా, కెమెరా కిందికి వంచినా మాయమవుతాయి.

మసక విషయంలో, ముందు లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో చూడండి. అదేం లేకపోతే దూరపు వస్తువు మీద తట్టి ఫోకస్ చేసి, మాన్యువల్‌లో ఉంచేయండి, ఆటోఫోకస్ ఆకాశంలో పట్టుకోవడానికి ఏమీ దొరక్క ముందుకీ వెనక్కీ వెతుకుతుంటుంది. చల్లని గది నుంచి వేడి, తేమ గాలిలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అది దానంతటదే పోయేదాకా ఆగాలి. ఫ్రేమ్‌లో ఒక పక్క మాత్రమే ఎప్పుడూ మసకగా ఉంటే, ఫిల్టర్ తీసినా తగ్గకపోతే, దెబ్బ తగిలి లెన్స్ పక్కకి జరిగి ఉంటుంది.

కార్డు

సెకనుకి 100 మెగాబిట్ల వీడియో అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు ఆపకుండా రాయాలి. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే వేగం ఎక్కువగా చదివే వేగం, రాసే వేగం కాదు. వీ30 అనే గుర్తు చూసి కొనండి, సెకనుకి కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని దానర్థం. నకిలీ కార్డులు మార్కెట్‌లో బోలెడు, కొత్తది కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాసి పరీక్షించుకోండి. ఫార్మాట్ మాత్రం డ్రోన్‌లోనే చేయండి.

రికార్డింగ్ ఆపకుండా బ్యాటరీ లాగేస్తే ఫైలు తెరుచుకోదు. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా చివర్లో రాస్తారు, అది రాయకముందే కరెంటు పోయింది. కంగారుపడి కార్డు ఫార్మాట్ చేయకండి. అదే కార్డుని మళ్లీ అదే డ్రోన్‌లో పెట్టి ఆన్ చేయండి, కొన్ని మోడళ్లు ఫైలుని వాటంతటవే బాగుచేసుకుంటాయి. లేకపోతే అన్‌ట్రంక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, అదే డ్రోన్‌తో అవే సెట్టింగుల్లో తీసిన బాగున్న క్లిప్ ఒకటి చూపిస్తే దాని ఆధారంగా పాడైనదాన్ని నిలబెట్టే ప్రయత్నం చేస్తుంది.

ఏది మార్చినా, ఒకటి మార్చి పరీక్షించండి

రెక్కలు, ఫిల్టర్, కార్డు, కాలిబ్రేషన్ అన్నీ ఒకే రోజు మార్చేస్తే వీడియో బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. ఒక్కోటి మార్చి, గాలి లేనప్పుడు ఇలా ఒక చిన్న క్లిప్ తీయండి: నిటారు గీతలున్న దేన్నైనా చూస్తూ అర నిమిషం కదలకుండా నిలబెట్టండి, తర్వాత నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి, ముందుకి వెళ్లి ఆపండి, చివర్లో కెమెరాని ఎదురు నుంచి నేలకి పూర్తిగా వంచి మళ్లీ పైకి తెండి. ఫిల్టర్ లేకుండా, వేగమైన షటర్‌తో తీస్తే లోపం దాక్కోదు. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఉంటే అదీ ఆపేయండి.

ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేస్తే పోతుందా అని అడుగుతుంటారు. గాలి ఊపు, చిన్న ఒరుగుడు పోతాయి. జెల్లోకి మాత్రం మామూలు స్టెబిలైజర్ వాడితే ఒక్కోసారి ఇంకా ఘోరంగా తయారవుతుంది, ఎందుకంటే ఫ్రేమ్‌లో ఒక్కో భాగం ఒక్కోలా కదులుతుంటే అది దేన్ని పట్టుకోవాలో తెలియక తికమకపడుతుంది. రోలింగ్ షటర్ రిపేర్ అనే ఎఫెక్ట్ ముందు వేసి చూడండి, కొంత తగ్గొచ్చు. మళ్లీ వెళ్లి తీసే అవకాశముంటే మళ్లీ తీయడమే నా సలహా.

చివరికి సర్వీస్‌కే పంపాల్సి వస్తే ఆ పరీక్ష క్లిప్‌ని, ఎడిట్ చేయని అసలు ఫైలునే, ఫ్లైట్ లాగ్‌తో సహా ఇవ్వండి. ఎప్పుడు మొదలైంది, ఏమేం మార్చి చూశారు, మారిస్తే తేడా వచ్చిందా లేదా అని నాలుగు ముక్కలు రాసి పెట్టండి. గింబల్ కవర్ తగిలించి, గింబల్ ఊగకుండా ప్యాక్ చేయండి, కార్డు మాత్రం తీసి మీ దగ్గరే ఉంచుకోండి.